జేమ్స్ వాట్ – సరిజోడు

బి.ఎస్సి. (మ్యాథ్స్, ఫిజిక్స్, కంప్యూటర్స్), ద్వితీయ సంవత్సరం

మా పొలంలో బోరు మోటారుకు ఒక చిన్న రేకు బిగించి ఉంటుంది. దాని మీద 5 హెచ్.పి. అనీ, పక్కనే 3.7 కిలోవాట్లు అనీ అచ్చుగుద్ది ఉంటుంది. చిన్నప్పుడు మోటారు వేయడానికి పోయినప్పుడల్లా ఆ రేకు చదివేవాణ్ణి. ఆ రెండు లెక్కల వెనుకా ఉన్నది ఒకే మనిషి అని ఇంటర్‌లో ఫిజిక్సు చదివేదాకా నాకు తెలియదు. గుర్రానికి ఇంత బలం అని లెక్కగట్టి స్థిరపరచింది జేమ్స్ వాట్. ఆయన పేరునే శక్తికి కొలతగా పెట్టాలని 1882లో బ్రిటిష్ శాస్త్రజ్ఞుల సభలో విలియం సీమెన్స్ ప్రతిపాదించాడు. ఈ రోజు ప్రపంచంలో ఏ బల్బు మీద చూసినా ఆయన పేరే.

ఇంత పేరున్న మనిషి గురించి ఈ సంచికలో మళ్ళీ రాయడం ఎందుకని మిత్రులు అడగవచ్చు. దానికి కారణం ఉంది. మా హాస్టల్లో బి.కాం. ఆఖరి సంవత్సరం చదివే అన్న ఒకాయన ఈ మధ్య నన్ను పిలిచి, ఒక సాఫ్ట్‌వేర్ స్టార్టప్ పెడదాం, నువ్వు టెక్నికల్ కో-ఫౌండర్‌గా ఉండు అన్నాడు. పల్లెల్లో ఎరువుల కొట్ల వాళ్ళు రైతులకిచ్చే అరువు లెక్కలు సరిగ్గా రాసుకునేందుకు ఒక యాప్ చేయాలట. ఐడియా ఆయనది, ప్రోగ్రామంతా నాది, వాటా నూటికి పది. నేను అవునూ అనలేదు, కాదూ అనలేదు. పోయిన ఏడాది ఒక కొట్టు యజమానికి బిల్లింగ్ ప్రోగ్రాం రాసిచ్చి, రూపాయి కూడా రాక చేతులు కాల్చుకున్నవాణ్ణి. అందుకని భయం. అదే సమయంలో, ఇంతకన్నా మంచి అవకాశం మళ్ళీ రాదేమోనన్న ఆశ కూడా.

ఆ గందరగోళంలో లైబ్రరీలో వాట్ జీవితచరిత్ర చేతికి దొరికింది. ఆవిరి యంత్రం కోసమని చదవడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ అది యంత్రం కథ కన్నా ఎక్కువగా ఇద్దరు మనుషులు ఒకరికొకరు దొరికిన కథ అనిపించింది. అది నా మాటల్లో చెబుతాను.

జేమ్స్ వాట్ 1736 జనవరిలో స్కాట్లాండులో గ్రీనాక్ అనే రేవు పట్టణంలో పుట్టాడు. తండ్రి ఓడలకు కావలసిన సరంజామా చేసేవాడు, కొంత వర్తకం కూడా ఉండేది. కుర్రవాడు రోగిష్టి. తలనొప్పితో బడికి సరిగా పోలేదు. ఎక్కువ చదువు ఇంటి దగ్గరే తల్లి చెప్పింది. తండ్రి పనిముట్లలో కొన్నింటిని తనకని ఉంచుకుని చిన్న చిన్న నమూనాలు చేసేవాడు. మనం చిన్నప్పుడు చదువుకున్న కెటిల్ మూత కథ సంగతి ఎలా ఉన్నా, ఒక విషయం మాత్రం గుర్తుంచుకోవాలి. ఆవిరి యంత్రాన్ని వాట్ కనిపెట్టలేదు. ఆయన పుట్టడానికి 24 ఏళ్ళ ముందే, 1712లో, థామస్ న్యూకోమెన్ అనే ఇంగ్లీషు ఇనుప సామాన్ల వర్తకుడు గనుల్లో నీళ్ళు తోడే ఇంజను నిలబెట్టాడు.

పద్ధెనిమిదేళ్ళు రాకముందే తల్లి పోయింది. తండ్రి వ్యాపారం దెబ్బతిన్నది. 1755లో వాట్ లండన్ పోయి, శాస్త్ర పరికరాలు చేసే పని ఒక ఏడాదిలో నేర్చుకున్నాడు. మామూలుగా ఆ పని నేర్వడానికి ఏడేళ్ళు పట్టేది. గ్లాస్గో తిరిగివచ్చి కొట్టు పెట్టుకుందామంటే, పూర్తి కాలం శిష్యరికం చేయని వాడివని అక్కడి పనివారల సంఘం అడ్డుపడిందంటారు. అప్పుడు ఆదుకున్నది గ్లాస్గో విశ్వవిద్యాలయం. 1757లో తమ ఆవరణలోనే ఒక గది ఇచ్చి పరికరాలు బాగుచేసే పని అప్పగించింది. డిగ్రీ లేని ఇరవై ఒక్క ఏళ్ళ కుర్రవాడి గదిలోకి జోసెఫ్ బ్లాక్ వంటి ఆచార్యులు వచ్చి కూర్చుని కబుర్లు చెప్పేవారు. నేను కాలేజీలో చదువుతున్నాను కాబట్టి చెబుతున్నాను, ఒక విద్యాసంస్థ చేయగలిగిన మేలు ఇంతకన్నా మరొకటి ఉండదు.

వాట్‌కు మొదటి భాగస్వామి దొరికింది ఇక్కడే. 1759లో జాన్ క్రెయిగ్ అనే ఆయన పెట్టుబడి పెట్టి, లెక్కలు చూసుకున్నాడు. వాట్ పని చూసుకున్నాడు. కొట్టు పెరిగింది, పనివాళ్ళు పెరిగారు. అయితే అది పరికరాలు, ఆటవస్తువులు అమ్మే కొట్టు. క్రెయిగ్ 1765లో చనిపోవడంతో ఆ ఆసరా పోయింది.

ఈలోగా 1763 – 64 శీతాకాలంలో ఆచార్యుడు ఆండర్సన్ న్యూకోమెన్ ఇంజను నమూనా ఒకటి బాగుచేయమని వాట్‌కు ఇచ్చాడు. బాగుచేశాడు. కానీ అది నాలుగు ఊపులు ఊగి ఆగిపోయేది, బాయిలరులో ఆవిరి చాలేది కాదు. ఎందుకని ఆలోచించాడు. న్యూకోమెన్ ఇంజనులో సిలిండరు నిండా ఆవిరి పట్టి, దాని మీద లోపలే చన్నీళ్ళు చిమ్ముతారు. ఆవిరి నీరై లోపల శూన్యం ఏర్పడుతుంది. బయటి గాలి పిస్టనును కిందికి నెడుతుంది. మళ్ళీ ఆవిరి పట్టాలంటే ముందు ఆ చల్లబడ్డ సిలిండరు వేడెక్కాలి. అంటే ప్రతి ఊపుకూ ఆవిరిలో మూడు వంతులకు పైగా ఇనుమును కాచడానికే పోతున్నది. పొయ్యి మీద అన్నం వండుతూ ప్రతి ఉడుకుకూ కుండను బావిలో ముంచినట్లన్నమాట.

1765 మే నెలలో ఒక ఆదివారం గ్లాస్గో మైదానంలో నడుస్తుండగా దీనికి మార్గం తోచింది. ఆవిరిని సిలిండరులో కాకుండా, దానికి గొట్టంతో కలిపిన వేరొక పాత్రలో చల్లబరిస్తే సరి. సిలిండరు ఎప్పుడూ వేడిగానే ఉంటుంది, ఆ పాత్ర ఎప్పుడూ చల్లగానే ఉంటుంది. దాన్నే కండెన్సరు అంటాం. కొద్ది రోజుల్లోనే చిన్న నమూనా చేసి చూశాడు. పనిచేసింది.

ఇక్కడితో మన పాఠ్యపుస్తకాల్లో కథ అయిపోతుంది. నిజానికి కష్టం ఇక్కడే మొదలయింది. ఐడియా తోచింది 1765లో. ఆ ఇంజను ఒక గనిలో జనం ముందు పనిచేసింది 1776లో. మధ్యలో పదకొండేళ్ళు. అన్నేళ్ళు ఎందుకు పట్టింది?

నమూనా వేరు, యంత్రం వేరు. పెద్ద సిలిండరులో పిస్టను గాలి దూరకుండా ఆడాలి. న్యూకోమెన్ ఇంజనులో పిస్టను మీద కాస్త నీళ్ళు పోసి సందులు మూసేవారు. వాట్ సిలిండరు వేడిగా ఉండాలి, నీళ్ళు పోయడానికి లేదు. గుడ్డపీలికలు, బెండు, కాగితపు గుజ్జు, చివరికి గుర్రపు పేడ కూడా కుక్కి చూశాడు. ఏదీ నిలవలేదు. చేతిలో డబ్బు లేదు. కమ్మరులకు అంత సన్నటి పని రాదు. పైగా 1764లో పెళ్ళయింది, సంసారం ఉంది. అందుకని కాలువలకు సర్వే చేసే ఉద్యోగంలో చేరాడు.

రెండవ భాగస్వామి డాక్టర్ జాన్ రోబక్. చదువుకున్నవాడు, గంధకామ్లం తయారీలో పేరు తెచ్చుకున్నవాడు, కారన్ ఇనుప కార్ఖానా స్థాపించిన వారిలో ఒకడు. ఆయన బొగ్గు గనుల్లో నీళ్ళు ఊరి పని సాగటం లేదు. మామూలు ఇంజను ఆ నీటిని తోడలేకపోతున్నది. కాబట్టి వాట్ యంత్రం ఆయనకు నిజంగానే అవసరం. వాట్ అప్పులు సుమారు 1,000 పౌన్లు తన మీద వేసుకుని, పేటెంటు ఖర్చు పెట్టుకుని, అందుకు బదులుగా మూడింట రెండు వంతుల వాటా తీసుకున్నాడు. 1769 జనవరిలో పేటెంటు వచ్చింది. రోబక్ మంచివాడే. నమ్మాడు, తొందరపెట్టాడు, ధైర్యం చెప్పాడు. కానీ ఆయన దగ్గర వాట్‌కు కావలసిన పనివాళ్ళు లేరు. తలకు మించిన వ్యాపారాలు నెత్తిన ఉన్నాయి. కినీల్‌లో ఆయన ఇంటి వెనుక కట్టిన ఇంజను కారుతూనే ఉంది.

ఇప్పుడు అసలు మనిషి సంగతికి వద్దాం. మాథ్యూ బోల్టన్ 1728లో బర్మింగ్‌హాంలో పుట్టాడు. తండ్రిది బొత్తాలు, బకిల్సు చేసే వ్యాపారం. కొడుకు దాన్ని పెంచి, ఊరి బయట సోహో అనేచోట 1760ల్లో పెద్ద కార్ఖానా కట్టాడు. వందల మంది పనివాళ్ళు అందులో వెండి సామాన్లు, బొత్తాలు, గడియారపు తొడుగులు చేసేవారు. ఆయనకొక చిక్కు ఉండేది. కార్ఖానా యంత్రాలు తిరిగేది వాగు నీటితో. ఎండాకాలం వస్తే వాగు ఎండేది. కిందికి పోయిన నీటిని మళ్ళీ పైకి తోడే ఇంజను ఉంటే బాగుండునని తానే నమూనాలు వేయించి చూసుకున్నాడు. అంటే వాట్ పేరు వినకముందే ఆ సమస్యతో ఆయన కుస్తీ పట్టాడు. ఈ సంగతి నాకు చాలా ముఖ్యంగా తోచింది.

1767లో వాట్ లండన్ నుంచి తిరిగివస్తూ సోహో చూడటానికి ఆగాడు. బోల్టన్ ఊళ్ళో లేడు. ఆయన స్నేహితుడు, వైద్యుడు విలియం స్మాల్ కార్ఖానా తిప్పి చూపించాడు. అంత చేయితిరిగిన పనివాళ్ళను ఒకేచోట వాట్ అంతకు ముందు చూడలేదు. మరుసటి ఏడు మళ్ళీ వచ్చినప్పుడు బోల్టన్‌ను కలుసుకున్నాడు. మొదటి రోజు నుంచే ఇద్దరికీ స్నేహం కుదిరింది. ఆ స్నేహాన్ని ఏళ్ళ తరబడి ఉత్తరాలతో నిలబెట్టినవాడు స్మాల్. పెళ్ళిళ్ళకు మధ్యవర్తి ఉన్నట్లు, ఈ జోడుకు ఆయన మధ్యవర్తి.

వాట్, రోబక్ కలిసి బోల్టన్‌కు ఒక మాట చెప్పారు. నీ చుట్టుపక్కల మూడు కౌంటీల్లో ఇంజనులు చేసి అమ్ముకునే హక్కు ఇస్తామన్నారు. బోల్టన్ 1769 ఫిబ్రవరిలో వద్దని జవాబు రాశాడు. మూడు జిల్లాల కోసం చేయడం దండగ, చేస్తే ప్రపంచం మొత్తానికీ చేయాలి, అందుకు కాలువ పక్కన ప్రత్యేకంగా కార్ఖానా కట్టి, మంచి పనిముట్లు సమకూర్చి, పనివాళ్ళకు తర్ఫీదు ఇవ్వాలి అన్నది ఆయన అభిప్రాయం. ఆ రోజుకు వాట్ దగ్గర ఉన్నది కారిపోయే ఒక డొక్కు సిలిండరు. దాన్ని చూసి ప్రపంచాన్ని ఊహించిన వాడు బోల్టన్. అయినా తొందరపడలేదు. రోబక్ చేతిలో ఉన్న వాటాను గుంజుకునే ప్రయత్నం చేయలేదు. ఆగాడు.

నాలుగేళ్ళు ఆగాక, 1773లో రోబక్ దివాలా తీశాడు. బోల్టన్‌కు ఆయన బాకీ 1,200 పౌన్లు. మిగతా అప్పులవాళ్ళెవరూ ఆ ఇంజను వాటాకు చిల్లిగవ్వ విలువ కట్టలేదు. బోల్టన్ తన బాకీ కింద ఆ వాటా తీసుకున్నాడు. అదే ఏడు వాట్ భార్య ప్రసవంలో చనిపోయింది. ఆయన అప్పుడు దూరాన కొండల్లో కాలువ సర్వేలో ఉన్నాడు. కబురంది వచ్చేసరికి అంతా అయిపోయింది. తల్లిలేని ఇద్దరు పిల్లలతో 1774లో బర్మింగ్‌హాం చేరాడు. కినీల్ ఇంజనును విప్పి ముందే పంపించారు. సోహో పనివాళ్ళ చేతుల్లో పడ్డాక అది మునుపెన్నడూ లేనంత బాగా నడవసాగింది.

అయినా సిలిండరు సమస్య తీరలేదు. ఆ కాలంలో గొప్ప ఇంజనీరుగా పేరుపొందిన జాన్ స్మీటన్, ఇంత కచ్చితంగా చేయగల పనిముట్లు గానీ మనుషులు గానీ లేరని తేల్చేశాడు. అది తీర్చినవాడు జాన్ విల్కిన్సన్ అనే ఇనుప కార్ఖానాదారు. ఫిరంగుల లోపలి భాగాన్ని కచ్చితంగా తొలిచే పద్ధతికి 1774లో ఆయన పేటెంటు తీసుకున్నాడు. ఆ పద్ధతిని పెంచి సిలిండరు తొలిచాడు. యాభై అంగుళాల సిలిండరులో తేడా ఒక అరిగిన షిల్లింగు బిళ్ళ మందం దాటలేదని చెబుతారు. విల్కిన్సన్ బోల్టన్‌కు ముందునుంచీ తెలిసినవాడు. మంచి భాగస్వామి ఒక్కడే రాడు, తన పరిచయాలన్నీ వెంట తెస్తాడని దీనివల్ల అర్థమవుతుంది.

పేటెంటు గడువు పద్నాలుగేళ్ళు. ఆరేళ్ళు గడిచినా ఒక్క ఇంజను అమ్ముడుపోలేదు. బోల్టన్ పార్లమెంటుకు పోయి, ఎడ్మండ్ బర్క్ వంటి మహావక్త ఎదిరించినా, 1775లో చట్టం చేయించి గడువును 1800 దాకా పొడిగించాడు. ఆ సమయంలోనే రష్యా ప్రభుత్వం నుంచి వాట్‌కు పెద్ద జీతంతో ఉద్యోగం వచ్చింది. వాట్ ఊగిసలాడాడు. బోల్టన్ ఆపుకున్నాడు. ఇరవై అయిదేళ్ళకు భాగస్వామ్యం కుదిరింది. బోల్టన్‌కు మూడింట రెండు వంతులు, వాట్‌కు ఒక వంతు. చట్టం ఖర్చు, ప్రయోగాల ఖర్చు, సరుకు అంతా బోల్టన్ పెట్టుకోవాలి. నక్షాలు గీయడం, కొలతలు వేయడం వాట్ పని.

ఇక్కడ మనం ఒక్క నిముషం ఆగాలి. వాట్‌కు దక్కింది ముప్పై మూడు శాతమే. చూడటానికి తక్కువ. కానీ నష్టం వస్తే బోల్టన్‌దే అన్నది అందులో ఇమిడి ఉంది. నిజంగానే ఆయన ఆస్తులు అమ్ముకున్నాడు, తాకట్టు పెట్టాడు, దివాలా అంచుదాకా పోయాడు. వాటా ఎంత అన్న దానికన్నా, ఎదుటివాడు ఏం పణం పెడుతున్నాడు అన్నది ముందు చూడాలని ఈ ఒప్పందం చెబుతున్నది.

1776 మార్చిలో టిప్టన్ దగ్గర బ్లూమ్‌ఫీల్డ్ బొగ్గు గనిలో మొదటి ఇంజను నడిచింది. కానీ అసలు గిరాకీ బొగ్గు దొరికేచోట లేదు, దొరకనిచోట ఉంది. కార్న్‌వాల్‌లో రాగి, తగరం గనులు. బొగ్గు సముద్రం మీద వేల్స్ నుంచి రావాలి, ధర ఎక్కువ. గనులు లోతయ్యేకొద్దీ నీళ్ళు ఎక్కువ. అక్కడివాళ్ళకు బోల్టన్, వాట్ ఒక కొత్త పద్ధతి చెప్పారు. ఇంజను తయారీ ఖర్చు మీరు పెట్టుకోండి. పాత ఇంజనుతో పోలిస్తే ఎంత బొగ్గు మిగిలిందో చూసి, ఆ మిగులు విలువలో మూడో వంతు ఏటా మాకివ్వండి. ఇంజను ఎన్నిసార్లు ఊగిందో లెక్కించే పరికరాన్ని తాళం వేసిన పెట్టెలో అమర్చారు.

మా ఊళ్ళో పాలుకు సేద్యం చేసేవారికి ఇది కొత్తగా తోచదు. పంట పండితేనే పాలు. కాకపోతే ఇక్కడ పంట అంటే కాల్చకుండా మిగిలిన బొగ్గు. మొదట్లో గనుల యజమానులు సంతోషించారు. కొన్నేళ్ళకు, ఇంజను మాది, బొగ్గు మాది, మీకు ఎందుకు కట్టాలని ఎదురుతిరిగారు. పాలు పంచేటప్పుడు కళ్ళం దగ్గర వచ్చే తగాదా లాంటిదే అదీ.

ఈ తగాదాల్లోనే ఇద్దరి స్వభావాలూ బయటపడ్డాయి. వాట్‌కు బేరమాడటం అంటే ప్రాణం మీదికి వచ్చినట్లుండేది. నెలల తరబడి కార్న్‌వాల్‌లో ఉండి ఇంజనులు నిలబెట్టేవాడు, సాయంత్రాలు తలనొప్పితో పడుకునేవాడు, అంతా మునిగిపోతున్నదని బోల్టన్‌కు దిగులు ఉత్తరాలు రాసేవాడు. బోల్టన్ సంస్థ రాబడిని తాకట్టు పెట్టి అప్పు తెచ్చినప్పుడు మరీ హడలిపోయాడు. బోల్టన్ ఎన్నడూ విసుక్కోలేదని కాదు, కానీ ఉత్సాహం చెప్పడం మానలేదు. గనుల్లో తానే వాటాలు కొని, యజమానుల సభల్లో కూర్చుని మాట్లాడి ఒప్పించాడు.

వాళ్ళకు మూడో మనిషి కూడా దొరికాడు. 1777లో విలియం మర్డాక్ అనే ఇరవై మూడేళ్ళ స్కాట్లాండు కుర్రవాడు ఉద్యోగం కోసం సోహో వచ్చాడు. ఖాళీ లేదని బోల్టన్ చెప్పబోతూ, అతడు కంగారుగా చేతుల్లో తిప్పుతున్న టోపీ వింతగా ఉందని అడిగాడట. అది కట్టెతో చేసింది, తానే చేసుకున్న తరిమెన మీద కోలగా చెక్కుకున్నది. మామూలు తరిమెన మీద గుండ్రంగా తప్ప కోలగా రాదు. ఉద్యోగం అక్కడికక్కడే వచ్చిందని కథ. మార్కుల జాబితా కన్నా చేసిన వస్తువు ఎక్కువ చెబుతుందనడానికి ఈ కథను మించినది నేను వినలేదు. కార్న్‌వాల్ భారమంతా క్రమంగా మర్డాకే మోశాడు.

1781 నాటికి గనుల గిరాకీ తగ్గబోతున్నదని బోల్టన్ గ్రహించాడు. లండన్, మాంచెస్టర్ మిల్లులవాళ్ళకు చక్రం తిప్పే ఇంజను కావాలి, అది చేయమని వాట్‌ను వెంటపడ్డాడు. వాట్‌కు మొదట ఇష్టం లేదు. చివరికి పూనుకున్నాక ఒక దాని తర్వాత ఒకటి వచ్చాయి. క్రాంకుకు వేరొకరు పేటెంటు తీసుకోవడంతో దానికి బదులు సూర్యుడు–గ్రహం అనే పళ్ళచక్రాల అమరిక, 1782లో పిస్టనును రెండు వైపులా ఆవిరి నెట్టే ఇంజను, 1784లో తనకెంతో గర్వకారణమైన సమాంతర చలన యంత్రాంగం, 1788లో వేగాన్ని తనంతట తానే అదుపు చేసే గవర్నరు. మిల్లు యజమానులకు ఇంజను బలం తెలియజెప్పడానికే గుర్రం లెక్క వచ్చింది. నిముషానికి 33,000 పౌన్ల బరువును ఒక అడుగు ఎత్తే శక్తి ఒక హెచ్.పి. అంటే మన మోటారు రేకు మీది కొలత పుట్టింది, కొనేవాడికి అర్థమయ్యే భాషలో చెప్పాలన్న అవసరం నుంచి. బజారు గురించి ఆలోచించే భాగస్వామి పక్కన లేకపోతే, వాట్ నీళ్ళు తోడే ఇంజను దగ్గరే ఆగిపోయేవాడేమో.

ఆయనలో లోపాలు లేవని కాదు. పేటెంటు గడువు ఉన్నంతకాలం ఇతరులు చేసిన మెరుగులను కోర్టుల్లో అడ్డుకున్నాడు. ఎక్కువ ఒత్తిడి ఆవిరి ప్రమాదమని దాన్ని దగ్గరికి రానివ్వలేదు. 1784లో మర్డాక్ చిన్న ఆవిరి బండి నమూనా నడిపిస్తే, యజమానులిద్దరూ ప్రోత్సహించలేదు. రిచర్డ్ ట్రెవితిక్ వంటివారు ముందుకు రావడానికి 1800 దాకా ఆగవలసివచ్చింది. ఒకప్పుడు తన దారికి అడ్డంకులు చూసినవాడే తర్వాత ఇతరులకు అడ్డంకి అయ్యాడు.

1800లో పేటెంటూ, భాగస్వామ్యమూ ఒకేసారి ముగిశాయి. అప్పటికి దాదాపు 500 ఇంజనులు తయారయ్యాయి. ఇరవై అయిదేళ్ళు కలిసి పనిచేసిన ఇద్దరూ స్నేహితులుగానే విడివడి, పనిని కొడుకులకు అప్పగించారు. బోల్టన్ అప్పటికే ఆవిరితో నాణేలు ముద్రించే టంకశాల పెట్టి ఉన్నాడు. మన తెలుగువారికి ఇందులో ఒక సంబంధం ఉంది. ఈస్టిండియా కంపెనీ ఉత్తర సర్కారుల కోసం, అంటే మన కోస్తా జిల్లాల కోసం, 1794 సంవత్సరం వేసి చేయించిన రాగి నాణేలు ముద్రించింది ఆ సోహోలోనే. రూపాయికి 48 అని ఆ నాణెం మీద ఉంటుంది. వాట్ ఇంజను బలం ఆ విధంగా మన పూర్వీకుల మొలలోకి కూడా చేరింది.

బోల్టన్ 1809లో, వాట్ 1819లో కన్నుమూశారు. ఇద్దరినీ హ్యాండ్స్‌వర్త్‌లో సెయింట్ మేరీ చర్చిలోనే సమాధి చేశారు. 1839లో మర్డాక్ కూడా అక్కడికే చేరాడు. 2011లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ 50 పౌన్ల నోటు మీద బోల్టన్, వాట్ ఇద్దరి బొమ్మలూ పక్కపక్కన వేసింది. 2022లో ఆ నోటు చెల్లుబాటు ఆగింది. దాని స్థానంలో వచ్చిన నోటు మీద ఉన్నది కంప్యూటరు శాస్త్రానికి మూలపురుషుడైన అలన్ ట్యూరింగ్. ఆవిరి యుగం కంప్యూటరు యుగానికి చోటిచ్చినట్లుగా ఉందది.

పుస్తకం మూసి ఆలోచించాను. సెలవులకు ఇంటికి పోయినప్పుడు మా నాయనతో అన్న చెప్పిన సంగతంతా చెప్పాను. సాఫ్ట్‌వేర్ గురించి ఆయనకు తెలియదు. ఎడ్ల గురించి తెలుసు. జత కొనేటప్పుడు రెండూ ఒకే బలం ఉన్నాయా అని మాత్రమే చూస్తే చాలదు, ఒకటి దాపటకు అలవాటు పడిందా, రెండోది వెలపటకు అలవాటు పడిందా చూడాలన్నాడు. రెండూ దాపట ఎడ్లే అయితే అరక సాగదట. కొన్న రోజే దున్నకానికి కట్టకుండా, నాలుగు రోజులు ఖాళీ బండికి కట్టి చూస్తారట.

హాస్టలుకు తిరిగి వచ్చి అన్నకు నా జవాబు చెప్పాను. నూటికి పదా, ముప్పయ్యా అన్నది తర్వాత మాట్లాడదాం అన్నాను. ముందు నువ్వు పది ఎరువుల కొట్లకు పోయి, నెల నెలా డబ్బు కట్టి ఈ యాప్ వాడతామన్న వాళ్ళను ముగ్గుర్ని తీసుకురా. ఈలోగా నేను ఒక్క కొట్టుకు సరిపోయే చిన్న నమూనా చేస్తాను. నువ్వు కొట్లలో ఎదురుదెబ్బ తిన్నప్పుడు నాకు చెప్పు, ప్రోగ్రాం ఆగిపోయినప్పుడు నేను నీకు చెబుతాను. మూడు నెలలు చూద్దాం. నేను వాట్‌నని అనుకోవడం లేదు. కానీ ఆయన బోల్టన్ అవునో కాదో తెలుసుకునే హక్కు నాకుంది, నా పనితనం చూసే హక్కు ఆయనకూ ఉంది.

అన్న ముఖం కాస్త చిన్నబోయింది. ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు. ఇక అయిపోయిందనుకున్నాను. నాలుగో రోజు పొద్దున్నే మెస్సులో నా ఎదురుగా వచ్చి కూర్చుని ఒక నోటుపుస్తకం తీశాడు. అందులో ఆరు కొట్ల పేర్లు, ఒక్కొక్కరి అరువు లెక్కల తీరు రాసుకుని ఉన్నాడు. అయిదుగురు వద్దన్నారట. ఆరో ఆయన ముందు చూపించమన్నాడట.

ఈ వ్యాసం ముగించి ఆ ఆరో ఆయన కోసం ప్రోగ్రాం రాయడానికి కూర్చోవాలి. మన కాలేజీలో ఐడియాలు ఉన్న కామర్సు మిత్రులు ఉన్నారు, పని తెలిసిన సైన్సు మిత్రులు ఉన్నారు. ఇద్దరూ ఒకే క్యాంటీనులో వేర్వేరు బల్లల దగ్గర కూర్చుంటారు. మన మధ్య విలియం స్మాల్ వంటి మధ్యవర్తులు కొందరు బయలుదేరితే బాగుండునని నా కోరిక.